గోడ మందం

షెఫీల్డులో ఈ ఇల్లు కొన్నప్పుడు
ఏజెంటు గోడ మీద తట్టి చెప్పాడు:
"మందపాటి రాయి. నూరేళ్లయినా కదలదు."
నా లోపలి గోడ సంగతి అప్పటికి నాకు తెలీదు.

మా కోటిలింగం మావయ్యది గట్టి గుండె అనేవారు,
వానలో కరెంటు స్తంభాలెక్కేవాడు.
ముప్పై నాలుగో ఏట సైకిలు దిగి, స్టాండు వేసి,
దాని పక్కనే పడుకుండిపోయాడు.
గట్టిదే. ఎంత గట్టిదో కొలవలేదెవరూ.

నాది కొలిచారు.
పందొమ్మిది మిల్లీమీటర్లు.
ఇప్పుడు బస్టాపు నుంచి ఇంటికి, ఆ ఎత్తులో మూడుసార్లు ఆగుతాను,
ఎవరైనా చూస్తే షూ లేసు కట్టుకుంటాను.
ఆ మధ్య లేసుల్లేని చెప్పులతోనూ వంగాను.

ఈ మంగళవారం ఇరావతి వంతు.
పదకొండేళ్ల పిల్ల, ఎడమ పక్కకి తిరిగి పడుకుని
జెల్లు చల్లగా ఉందని, కితకితలని నవ్వింది.
తెర మీద బూడిదరంగు చేపొకటి
నోరు తెరుస్తూ, మూస్తూ.
స్కాను చేసే ఆవిడ ఈ అంచు నుంచి ఆ అంచుకి
గీత లాగింది. చెరిపి,
మళ్లీ లాగింది.

ఆ అంకెలు చదవడం నాకొచ్చు.
కళ్లద్దాలు తీసి
స్వెటర్ అంచుతో
తుడుస్తూ కూర్చున్నాను.