తూకాల పుస్తకం

విమానం ఎక్కే ముందు మనిషిని తూచాలి.
అదే నా ఉద్యోగం, పంతొమ్మిదేళ్లు.
మూటతో, చెప్పులతో, చంకలో కోడితో సహా
కాటా మీద నిలబెట్టి
ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టమనేవాణ్ణి.
ఊపిరికి బరువుండదని నాకు తెలుసు. అలవాటు.

మా పాపువా కొండల్లో పావురాన్నీ విమానాన్నీ
ఒకే మాటతో పిలుస్తాం: బాలుస్.
మంగళవారం బాలుస్, శుక్రవారం బాలుస్.
కనుమ మబ్బులోంచి జారి
గడ్డి బాట మీద వాలిందంటే
పందులు పక్కకి, పిల్లలు ముందుకి.
ఉప్పు, కిరోసిన్, సుద్దముక్కలు, టీకాల పెట్టె దిగేవి.
కాఫీ బస్తాలు ఎక్కేవి.
ఒక బస్తా ఎక్కువైతే ఒక మనిషి దిగాలి.
ఎవరు దిగాలో నేను చెప్పాలి.

దిగినవాళ్లనీ తూచేవాణ్ణి, ఎవరూ అడక్కపోయినా.
పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.
కెపాయో, ముప్పై ఒక్క కిలోలు, బడికి.
కెపాయో, యాభై ఎనిమిది, బడి నడపడానికి.
ఐంబే భార్య, అరవై రెండు. పది రోజులకి యాభై ఐదు,
కింది గీతలో, పేరు లేకుండా, రెండున్నర.
ముసలి తుగులి, నలభై నాలుగు, ఆసుపత్రికి.
తుగులి, పెట్టెతో కలిపి డెబ్భై.
పెట్టె ఎంతో విడిగా రాయలేదు.

అప్పులన్నారు. ఇంజిన్లో ఏదో దొరకని ముక్క అన్నారు.
రేడియోలో ఒక గొంతు "వచ్చే వారం" అంది.
ఆ వచ్చే వారానికి ఇప్పుడు ఆరేళ్లు.
మొదటి ఏడాది నెలనెలా గడ్డి కోశాం.
తర్వాత ఎవరో బాట చివర చిలగడదుంప తీగ పాతారు.
చూసీ చూడనట్టు పోయాను.
మరుసటేడు నేనూ పాతాను.
స్తంభం మీది గాలిసంచిని దించి
యెనామో మనవరాలికి గౌను కుట్టింది.
ఇప్పుడు గాలి ఎటు వీస్తుందో తెలియాలంటే
ఆ పిల్ల వెనక పరిగెత్తాలి.

మొన్న రాత్రి ఓబియా కోడలికి నొప్పులు.
వెదురు డోలీ, నలుగురు మోతగాళ్లు,
లారీ ఆగే చోటుకి రెండు పగళ్ల దారి.
బయల్దేరుతూ షెడ్డు దగ్గర ఆగారు.
ఎందుకని అడగలేదు. లాంతరు ఎత్తి పట్టాను.
డోలీతో సహా కాటా మీద దించారు.
ఈసారి ఊపిరి బిగబట్టమనలేదు,
ముల్లు ఊగుతూనే ఉంది.
పుస్తకం తెరిచి, తేదీ వేసి, అంచనాగా రాశాను:
డెబ్భై ఒకటి.
విమానం నంబరు రాసే గడిలో
ఆ నలుగురి పేర్లు.