శనివారం ల్యాబు

లైబ్రరీ తొమ్మిదింటికి మూసేస్తారు,
వైఫై మాత్రం మూయరు.
అందుకే ఈ నెబ్రాస్కా చలిలో
మూడో దీపస్తంభం కింద నా పికప్ ట్రక్కు.
హీటరు పది నిమిషాలు వేసి, పది నిమిషాలు ఆపి
పెట్రోలుకీ పాఠానికీ తగువు తీరుస్తుంటాను.

మాంసం ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు
ఒకటే కోత కోసిన చెయ్యి ఇది.
ఇప్పుడు స్టీరింగుకి ఆనించిన ఫోన్లో
త్రీఫేజ్ మోటారు నేర్చుకుంటోంది.
హ్రుష్కా మాస్టారు వైరు ఒలుస్తూ ఒలుస్తూ
సగంలో బిగుసుకుపోతాడు.
సిగ్నలు తిరిగొచ్చేదాకా
ఆ చెయ్యి గాల్లోనే,
ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టు.

మొదటి పరీక్షలో ఎనభై ఎనిమిది.
మా మారిసెలా ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించింది,
తన రిపోర్టు కార్డుని పక్కకి జరిపి మరీ.

ల్యాబుకి తొంభై మైళ్లు.
కోసేసిన మొక్కజొన్న మోళ్ల మధ్య పెద్ద రేకుల షెడ్డు.
ఇది ప్రజల పన్నులతో కట్టిందని గుమ్మం మీద రాశారు.
ఎక్కడో ఒక మేకైనా నాదే అయ్యుంటుంది.

మాస్టారు చెయ్యి కలిపాడు.
నా అరచేతికి లెక్క తప్పింది.
నాలుగే.
పన్నెండు వారాలుగా చూస్తున్న చెయ్యే!
చిటికెనవేలు చోటు ఎప్పుడూ ఫ్రేముకి అవతలే.

"దాచలేదు ఇనేజ్, పట్టలేదంతే.
ధాన్యం ఎలివేటర్లో బెల్టు ఆపేశామని ఎవడో కేకేశాడు.
నమ్మాను."
అంతకుమించి చెప్పలేదు.
ఎర్రతాళం ఒకటి నా చేతిలో పెట్టాడు.
స్విచ్చు దించి నువ్వే వెయ్యి,
చెవి నీ జేబులోనే ఉండాలి,
నేనడిగినా, కాలేజీ ప్రెసిడెంటు అడిగినా,
దేవుడే దిగొచ్చి అడిగినా.

టక్.
ఫోన్లో ఆ చప్పుడు చాలాసార్లు విన్నాను.
ఎముకతో వినడం ఇదే మొదలు.

ముందు బతికున్న సాకెట్లో మీటరు పెట్టి
అది నిజం చెబుతోందో లేదో చూసి,
తర్వాత మోటారు మీద.
సున్నా.
సున్నా వచ్చినందుకు ఒకరు నా భుజం తట్టడం
నా జన్మలో ఇదే.

రాత్రి మళ్లీ మూడో స్తంభం కింద,
మళ్లీ బిగుసుకున్న వీడియో.
ఈసారి విసుక్కోలేదు.
ఫ్రేము అంచు అవతల నా చిటికెనవేలు ఆనించి కూర్చున్నాను.
చలికి చేతులు జేబులో పెడితే
చల్లగా ఏదో తగిలింది.
చెవి!

భయపడుతూ మెయిలు పెట్టాను.
జవాబు రెండు ముక్కలు:
"నీ తాళం ఇంకా వేలాడుతోంది. కొయ్యను.
శనివారం దాకా మోటారు ఆగుతుంది."