మూడు పిన్నులు

పాకాల రోడ్డులో మస్తాన్ షెడ్డు ముందర
గోడకానించి రెండు ఇనప చట్రాలు.
ఒకటి పూరిగుడిసె ముఖం మాదిరి, మూడు మూలలు.
ఇంకోటి తిరగేసిన నామం.

"ఏదైనా ఒకటే పననా చేసేది.
సీట్లోంచి దిగబల్లే.
వెనక్కి పోనీ, ఎత్తు, టక్కున పడతాది."

నేను టేపు తీసినా.

గుడిసె చట్రానికైతే ప్రతి పనిముట్టు ముక్కుకూ
దాని జోడీ వెల్డింగు చేయించాల.
నాకుండేవి ఐదు. ఐదు జోళ్లంటే
ఒక చెరుకు తోట దున్నిన డబ్బులు.

నామానికైతే పైకొక్కేనికీ కింది కొక్కేలకీ
మధ్య ఎత్తు కుదరాల.
నా ఇనుమంతా తలా ఒక కొలిమిలో పుట్టింది.
రొటావేటరు కంపెనీది, దానికి కొలతలుండాయి.
మడక చంద్రగిరి సంతలో పాతది కొన్నా.
తొమ్మిది కర్రుల గొర్రు మా మామ చేయించింది,
ఆయన కొలతంతా జానలు, బెత్తెలే.

పైగా ఏ చట్రం తగిలించినా
పనిముట్టు బెత్తెడు వెనక్కి జరుగుతాది.
షాఫ్టు పొట్టిదైతే పట్టు చాలదు.
మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలతాయి.
"చూసుకోనా, ఆమైన నన్ననొద్దు," అన్నాడు మస్తాన్,
టీ గ్లాసు నా చేతిలో పెడతా.

టేపు మడిచి జేబులో పెట్టుకున్నా.
నేను కొలవాల్సింది
ఆ టేపుకి అందేది కాదు.

పదకొండేండ్లుగా నా వెనక గుర్రప్ప.
ట్రాక్టరుకీ ఇనుముకీ నడుమ
మనిషి పట్టేంత సందులో నిలబడి
"రా... ఇంకా రా... ఇంకొంచం...
వెంట్రుకంత... ఆఁ, ఆపు" అంటాడు.
ఎడమ పిన్ను, కుడి పిన్ను, చివరికి పైపిన్ను.
సుత్తి ఒక్క దెబ్బ కన్నా ఎక్కువ ఎప్పుడూ అడగలే.

ఆయన చెప్పేది నాకు వినపడతాది.
నేను చెప్పేది ఆయనకు
రెండేండ్లుగా వినపడ్డంల్యా.

పోయిన ఏరువాకలో, చినుకు పడతా ఉంటే,
ముగ్గురు రైతులు గెనెం మీద నిలబడి
బిన్నా బిన్నా అంటా ఉంటే
"చెయ్యి తీ" అని నేనరిచినా.
లింకు జారింది.
పైగుడ్డ కొస పిన్నుతోపాటు బొక్కలోకి పోయింది.
గుడ్డే కదా అని ఇద్దరం నవ్వినాం.
ఆ గుడ్డ ఇంకా ఆయన భుజమ్మీదే ఉండాది,
కొసన గ్రీజు మరక, రూపాయి బిళ్లంత.
ఆ రాత్రి నేను
నా చేతివేళ్లు లెక్కబెట్టుకుంటా కూచున్నా,
ఆయనవి లెక్కబెట్టే ధైర్యం లేక.

నామం చట్రమే కొన్నా.
నాలుగిటికి మస్తాన్ ఎత్తు సరిచేసినాడు,
షాఫ్టుకు పొడుగు పైపేసినాడు,
ముందర బరువు దిమ్మెలు బిగించినాడు.

మొదటిరోజు తెల్లారుజామున
మెడ తిప్పి చూసుకుంటా వెనక్కి పోనిచ్చినా.
ఎత్తినా. టక్.
మస్తాన్ చెప్పింది అబద్ధం కాదు.

గుర్రప్ప గెనెం మీద
చెయ్యి సగం లేపి ఉండాడు.
"ఇంకా" అనే మాట ఆయన నోట్లోనే నిలిచిపోయింది.
దగ్గరికొచ్చి కొక్కేలు తడిమినాడు,
పిన్నులుండాల్సిన చోట
ఒట్టి బొటనవేలు పెట్టి చూసినాడు.
"బాగుండాది," అన్నాడు.
ఆ పొద్దు టీ తాగలే.

చెనక్కాయ విత్తే గొర్రు ఒకటి మిగిలింది.
"దానికెప్పుడునా?" అని మస్తాన్ ఫోన్ చేస్తాడు.
డబ్బుల్లేవంటా. ఉండాయి.

ఏరువాక మళ్లీ వచ్చింది.
చట్రం విప్పి పక్కన పెట్టినా.
మేఘం నల్లగా దామలచెరువు పక్క దిగతా ఉండాది.
"రా... ఇంకా రా... వెంట్రుకంత... ఆఁ."

ఇంజను ఆపినా. దిగినా.
తాళంచెవి గుర్రప్ప చొక్కా జేబులో వేసినా.
ఆయన నన్నొకసారి చూసి
సందులోకి పోయినాడు.

గెనెం మీద రైతులు బిన్నా బిన్నా అంటానే ఉండారు.
ఎడమది పడింది. కుడిది పడింది.
మూడో పిన్ను పడి, గొలుసు బిగిసినాక గానీ
తాళంచెవి నా చేతికి రాలేదు.