పోటు లెక్క

కంపెనీ వాళ్ళు రోడ్డుకి కాపలా పెట్టారు.
గేటుకి గొలుసు, గొలుసుకి తాళం,
తాళాన్ని చూస్తూ రెండు కెమెరాలు,
పొక్లెయిన్ కడుపులో
తనెక్కడుందో తనే చెప్పుకునే డబ్బా.
పోయినేడు కాలవ పనిలో
చక్రాలకి మూడు రాళ్ళు అడ్డంపెట్టి ఆపిన రోలర్
తెల్లారేసరికి మూడు రాళ్ళే మిగిల్చిందట.
అప్పట్నించీ భయం.

నన్ను పెట్టుకున్నది మాత్రం
చింతలంక రేవులో నాకు వేరే పని లేదని.
ముప్పయ్యేళ్ళు పంటు నడిపాను.
వంతెన శాంక్షనయిందని తెలిసిన వారం
పాత ఇనుము ధరకి అమ్మేశాను.
నా పంటు పొట్ట కొట్టిన వంతెనకే
ఇప్పుడు నేను రాత్రి కావలి.
నెలకి పన్నెండు వేలు, ఒక టార్చి, ఒక విజిలు.

ఇంజనీరు మహబూబ్ గారిది ఆదోని వైపు.
వాగు ఒకవైపే పారే ఊరు.
"దొంగ రోడ్డు మీద రాడండి" అన్నాను.
"మరి?"
"తదియ నాడు వస్తాడండి."
నవ్వారు.

అమావాస్య వెళ్ళిన తదియకి
చంద్రుడు అన్నాల వేళకే పడుకుంటాడు.
అర్ధరాత్రి దాటాక
సముద్రం వైనతేయలోకి ఎదురెక్కి వస్తుంది.
ఇరవై టన్నుల బరువెత్తుకున్న పంటు
ఈ గట్టు తాకి మళ్ళీ తేలాలంటే
పక్షానికి ఆ మూడు నాలుగు రాత్రులే.
తాళమంటారా,
ఒక పొక్లెయిన్ చెవితో
ఆ రకం బండ్లన్నీ లేస్తాయని
మీ ఆపరేటరు సోంబాబే చెప్పాడు.
ఊరందరి దగ్గరా చెవి ఉంటే
దాన్ని తాళం అనరండి, మర్యాద అంటారు.

నా పద్ధతి నాది.
పెద్ద బండ్లు గుండ్రంగా, మూతులు లోపలికి,
నడుమ కంప్రెసరూ జనరేటరూ, కోడిపిల్లల్లా.
పొక్లెయిన్ తొట్టిని మోకాల్లోతు భూమిలోకి దింపించి,
బ్యాటరీలన్నీ విప్పించి
నా మంచం కింద పెట్టుకున్నాను.
యాసిడ్ వాసనకి మొదటి వారం నిద్ర పట్టలేదు.
పట్టకపోవడమే కదా ఉద్యోగం.

మాఘమాసం తదియ. మంచు.
ఇంజనాపేసి గెడల మీద వచ్చారు.
ఏమీ కనపడలేదు గాని
కిర్రు... కిర్రు... టక్.
ఎడమవైపు మూడో చెక్క.
కొబ్బరి లోడు లారీ దిగిన రోజు అది లేచిపోతే
నేనే వంకర మేకు కొట్టాను దానికి.
నా పంటు ఎక్కి
నా దగ్గరికే వచ్చారు, దొంగతనానికి.

విజిలు నోట్లో పెట్టుకుని, తీసేశాను.
వాళ్ళు ముగ్గురు.
అమలాపురం నించి జీపు రావాలంటే గంట.
నీళ్ళు తియ్యడానికి నలభై నిమిషాలు చాలు.
అంచేత అటు తిరిగి పడుకుని గురక పెట్టాను,
మా ఆవిడ విన్నా నమ్మేంత గురక.

చెవి తిప్పారు. మళ్ళీ తిప్పారు.
బ్యాటరీ ఉండాల్సిన చోట తడుముకున్నారు,
పన్ను ఊడిన చోట నాలిక లాగా.
జనరేటర్ దగ్గరికెళ్ళారు. అక్కడా లేదు.
ఒకడు ఇంకొకణ్ణి వాళ్ళమ్మ మీద తిట్టాడు.
నేను గురకలతో నిమిషాలు లెక్కేసుకున్నాను.

పాటు మొదలైంది.
నీళ్ళు వెనక్కెళ్ళేటప్పుడు బురద చప్పరిస్తుంది.
అలవాటున్న చెవికే తెలుస్తుంది.
వాళ్ళు గట్టుకి తిరిగొచ్చేసరికి పంటు
కడుపు బురదకి ఆనించి కూచుంది,
కదలనని మొరాయించిన దున్నలా.
అప్పుడూదాను విజిలు.
మూడు జతల చెప్పులు వదిలేసి
మడచెట్లలో పడి పోయారు.

బీమా కాయితంలో ఒక గడి:
‘దొంగతనం ఏ విధంగా నివారించబడినది?’
"పాటు వచ్చింది" అని రాశాను.
మహబూబ్ గారు అది కొట్టేసి
"సీసీ కెమెరాలు" అని రాశారు.
రాశాక కలం మూతపెట్టి, నెమ్మదిగా,
"వచ్చే తదియ ఎప్పుడు?" అన్నారు.

పంటు కేసులో సాక్ష్యమట.
స్టేషన్లో ఎక్కడ పెడతారు,
మా గట్టుకే కట్టి పోయారు.
బండ్లతో పాటు దాన్నీ కాస్తున్నాను. జీతం అంతే.
నిన్న ఎక్కి అటూ ఇటూ నడిచాను.
మూడో చెక్క కిర్రుమంది.
మేకూ సుత్తీ చేతిలోనే ఉన్నాయి.
కొట్టలేదు.
కొడితే, ఈసారి వచ్చేవాణ్ణి
ఎలా గుర్తుపడతాను?