వర్తించదు

ఆ ఫారం నింపింది నేనే.
నలభై రెండు ప్రశ్నలు, ఫారానికి ముప్ఫై రూపాయలు.
ఇంగ్లీషులో అడిగేది జీపు దిగిన పెద్దాయన,
తెలుగులో అడిగేది నేను.
పక్కన సముద్రం తన పాటికి తాను మాట్లాడుతూనే ఉంది,
దాన్ని తర్జుమా చెయ్యమని ఎవరూ అనలేదు.

జాలారిపేటలో అది జనవరి.
యారాడ కొండ, కడిగి బోర్లించిన తప్పేలాలా
కనబడే రోజులు.
పదిహేడో ప్రశ్న:
చేపలు ఎండబెట్టుకోడానికి సిమెంటు గట్టు కావాలా?
అవునుకో గడి, కాదుకో గడి.

సూరాడ లచ్చయ్యమ్మ నెత్తళ్ళు తిరగేస్తూ
తలెత్తకుండానే అంది:
"ఏ నెలకి బాబూ?
ఇప్పుడైతే ఎక్కడేసినా ఎండుతాది.
దచ్చినపు గాలి తిరిగినాక రా.
సేప ఎండకి ఎండదు, గాలికి ఎండుతాది.
కిందనుంచి ఇసక తాగాల, పైనుంచి గాలి తాగాల.
గాలి ఎటుంటే మేం అటు మారుస్తాం,
ఓ దినం ఇక్కడ, ఓ దినం ఆ దిబ్బ మీద.
నీ గట్టుకి కాళ్ళుంటాయేటి?"

ఏమంటోంది? అన్నాడు పెద్దాయన, వాచీ చూసుకుంటూ.
అంత మాట పట్టే గడి ఆ కాయితంలో లేదు.
'వర్తించదు' అని రాశాను.
నా దస్తూరీ బాగుందని మెచ్చుకున్నారు.

గట్టు వచ్చింది.
నీలం రేకులు, నాలుగు మెట్లు,
నల్లరాతి మీద దాతల పేర్లు, అక్షరం తప్పిన పేట పేరు.
కొబ్బరికాయ కొట్టిన మర్నాడు పేపర్లో ఫొటో:
ఎండు చేపలు పట్టుకుని ఆడవాళ్ళ నవ్వులు.
అవి ఇసకలో ఎండినవే.

మే నెలలో నెత్తళ్ళు అడుగున మాడాయి, పైన చెమర్చాయి.
పురుగు పట్టిన తట్టలు
తిరిగి సంద్రంలోకే వెళ్ళాయి.
'మహిళల్లో అవగాహనా లోపం' అంది నివేదిక.
సదస్సు పెట్టారు. భోజనాలు బాగున్నాయి.
దానికీ నేనే తర్జుమా.

ఇప్పుడక్కడ మేకలు పడుకుంటాయి.
పిల్లల క్రికెట్టులో
బంతి గట్టెక్కితే ఔటు.

మొన్న వెళ్ళాను, ఏ ఫారమూ లేకుండా,
మిట్టమధ్యాహ్నం.
ఆమె గుర్తుపట్టింది.
"సెయ్యెట్టు" అంది, గట్టు చూపించి.
పెట్టాను.
"లెక్కెట్టు."
ఒకటి, రెండు, మూడు...
నాలుగు నా వల్ల కాలేదు.
అప్పుడా చేతినే పట్టి
పక్కనున్న ఇసకలోకి జానెడు లోతు తోసింది.
అక్కడ రాత్రి ఇంకా ఉంది.

"ఆ దినం నానింత మాటాడితే
నువ్వొక్క మాటే రాసినావు గదా.
ఏటది?"

రెండు భాషలు వచ్చినవాణ్ణి.
ఆ ఒక్క మాటని
ఆమెకి తెలుగులో ఎలా చెప్పాలో
వెతుక్కుంటూ నిలబడ్డాను.
ఆమె ఆగలేదు.
గాలి తిరిగింది,
తట్టలు మార్చాలి.