నాలుగో ప్రశ్న

పందొమ్మిదేళ్ళుగా ఒకటే లెక్క.
ఆరబెట్టే పెట్టెలో పది కిలోల చేపలున్నాయి.
గాలిలో తేమ మారదని అనుకుందాం.
ఎండ ఒకేలా కాస్తుందని అనుకుందాం.
ఆ అనుకుందాం దగ్గరికి వచ్చేసరికి
బోర్డు మీద నా సుద్దముక్క తనంతట తనే నడిచేది.
జవాబు, ఏడు పాయింట్ రెండు కిలోల నీరు.
ఒగ్వెనోకి అదే వచ్చింది, వాళ్ళన్నకీ అదే వచ్చింది,
బహుశా అన్న నోట్సులోంచే వచ్చింది.

ఈ ఏడు సుద్ద అయిపోయిందో, ఓపికే అయిపోయిందో,
నలభై మందిని మూడు మటాటుల్లో కుక్కి
కిసుము దాటించి సరస్సు ఒడ్డున దింపాను.

అక్కడ పాత వలల మీద ఒమేనా,
వేలెడైనా లేని వెండి చేపలు,
పరిచిన చోటల్లా కొంగలు.
మామా న్యాసున చీపురుతో కొంగల్ని తోలుతూ
మాకేసి చూడకుండానే చెప్పింది.
"రెండింటికి వాన. రోజూ కాదు. ఏ రోజో చెప్పదు.
తడిస్తే సరుకు కోళ్ళ దాణాకి పోతుంది. అంతే నా కథ."

నలభై మందీ రాసుకున్నారు.
ఏ సూత్రం సార్ అని ఎవరూ అడగలేదు.
సూత్రం లేదని వాళ్ళకింకా తెలీదు.

పది వారాలు.
చెబెట్ లెక్కలు కట్టింది, అపొండి రంపం పట్టింది,
పాలిథిన్, ఇనప జల్లెడ, చచ్చిన కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను.
మొదటి విడత చేపలు
ఆరలేదు, ఉడికాయి.
రెండో విడతకి తలలు ఊడాయి.
మూడో విడత, అబ్బ,
సూదుల్లా తిన్నగా,
తేమ సరిగ్గా పుస్తకంలో ఉన్నంత!
ఒగ్వెనో గుప్పిట పట్టి గలగలలాడించాడు.
నేను మనసులోనే మార్కులు వేసేశాను.

మామా న్యాసున తన కొలత తెచ్చింది,
గొరొగొరొ, సొట్టలు పడ్డ రెండు కిలోల డబ్బా.
మా చేపలు పోసింది. పోసింది. ఇంకా పోసింది.
డబ్బా నిండదు.

"నా చేప ఎండకి వంకర తిరుగుతుంది.
వంకర చేప చోటు పడుతుంది,
మూడు దోసిళ్ళకి డబ్బా నిండుతుంది.
మీది బుద్ధిమంతుల చేప,
బడిపిల్లల్లా వరసన సర్దుకుంటోంది.
అయిదు దోసిళ్ళు పోసినా ధర అదే.
ఆ రెండు దోసిళ్ళూ ఎవరివి, మాస్టారూ?"

ఆ రెండు దోసిళ్ళు.
వేడికి ఒక అక్షరం ఉంది, బరువుకి ఉంది,
గాలి గోడని రాసుకుపోతే ఆ రాపిడికీ ఒక గ్రీకు అక్షరం ఉంది.
వీటికి లేదు.

తూకానికి అమ్మొచ్చుగా అన్నాడెవడో వెనకనుంచి.
"కొనేవాళ్ళకి చెప్పు నాయనా, బస్సు చార్జీ నేనిస్తా."

తిరుగు దారిలో ఎవరూ పాడలేదు.
అపొండి మాత్రం కిటికీతో అంది,
"ఆవిడ ఆరబెట్టమనలేదు కదా,
తడవనివ్వొద్దంది."
నేను విననట్టే కూచున్నాను.
ఆ పది వారాలూ నావి కూడా మరి.

పెట్టెని ఒడ్డునున్న కోళ్ళకి ఇచ్చేశాం. వాటికి బాగానే నచ్చింది.
ఇప్పుడక్కడ ఉన్నది ఒక టార్పాలిను,
రెండు గుంజలు, విరిగిన సైకిలు పెడలు.
మబ్బు పట్టగానే తొక్కితే వల మీదకి పాకుతుంది.
మొన్నటి వానకి సగంలో ఇరుక్కుంది.
ఆవిడ సగం తిట్టింది, సగం నవ్వింది.
చెబెట్ ఇంకా చైనుకి వంటనూనె రాస్తూనే ఉంది.
ఇందులో ఉష్ణ శాస్త్రం ఏముందయ్యా అన్నారు డీను గారు.
ఏమీ లేదన్నాను.
మెట్లు దిగుతుంటే ఉందేమో అనిపించింది, వెనక్కి వెళ్ళలేదు.

నిన్న పరీక్ష పేపరు ఇచ్చి వచ్చాను.
నాలుగో ప్రశ్న, మామా న్యాసున డబ్బా ఎందుకు నిండలేదు?
కింద, అనుకుందాం ఉండే చోట, ఖాళీ.
గుమాస్తా కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని
"ఏమిటి సార్ ఈ వాసన?" అన్నాడు.
నాలుగో ప్రశ్నది అన్నాను.