గొంతు మండే ఊళ్ళో

చుట్టుగుంట దాటగానే ఆటో డ్రైవరు కర్చీఫు కట్టుకున్నాడు.
నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.
ఒళ్ళో మిషను,
పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా.
మా దగ్గరున్నది ఇదొక్కటే,
మూడు గంటలు బ్యాటరీ,
ఆ పైన కరెంటు దయ.

మునిసిపల్ స్కూల్లో ఐదో తరగతి ఖాళీ చేయించారు.
రెండు బల్లలు కలిపితే మంచం,
హైమావతి టీచరు పాత వెంకటగిరి చీర తెర.
గోడ మీద ఎక్కాలు,
పదమూడో ఎక్కం దగ్గర సున్నం రాలిపోయింది.

"ఎడమ పక్కకి తిరుగు నాన్నా, చెయ్యి తల కింద పెట్టుకో."
జెల్ చల్లదనానికి ఒక్కొక్కరిదీ ఒక్కో మెలిక.
నాగుల్ మీరా నవ్వాపుకోలేక ఎక్కిళ్ళు తెచ్చుకున్నాడు,
ఎక్కిలి ఎక్కిలికీ తెర మీద గుండె గెంతింది.
"లోపల యేసయ్య ఉంటాడంట,
కనపడ్డాడా అక్కా?" ప్రేమదాసు.
"నాలుగు గదులున్నాయిరా, వెతకాలి."
"నాలుగే!"
వాళ్ళింట్లో ఆరుగురికీ కలిపి ఒకటి.

నూట అరవై మూడో పిల్ల సువార్త.
పదేళ్ళు. జడకి ఎర్ర రబ్బరు బ్యాండు.
డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి
బాగుందని పంపించేశాడు.
నేను రంగులు నొక్కాను.
ఇటు ఎరుపు, అటు నీలం,
తలుపు పడాల్సిన క్షణాన
పడకుండా ఒక సందు,
ఆ సందులోంచి వెనక్కి
సన్నటి నీలిచార.
మళ్ళీ చూశాను.
మళ్ళీ.
పిల్ల తెర వైపు చూడటం లేదు, నా మొహం చూస్తోంది.
బయటికెళ్ళి చెబుతుంటే వినపడింది,
"అందరికంటే నాకే ఎక్కువసేపు పట్టింది తెలుసా!"

వాళ్ళమ్మ సలోమి పనిలోంచే వచ్చింది,
చెంగుకి మిరప తొడిమలు.
గొంతునొప్పి ఎప్పుడన్నా వచ్చిందా అన్నాను.
నవ్వింది.
"మా పేటలో గొంతునొప్పి లేందెవరికండీ?
కాయ దిగిన్నాటి నుంచీ ఇంటిల్లిపాదీ దగ్గుడే.
జొరమా, వచ్చింది, పోయింది.
దీపావళి వెళ్ళాక మోకాలు వాచింది,
అది తగ్గి మోచెయ్యి వాచింది.
ఎదుగునొప్పులన్నారు.
ఎదుగుతుందిలే అనుకున్నా."

కవాటం అని మొదలుపెట్టి ఆగిపోయాను.
తలుపమ్మా, అన్నాను. గుండెలో తలుపు.
వాచి మందమెక్కింది, సరిగ్గా పడటం లేదు.

సలోమి చాలాసేపు మాట్లాడలేదు.
"మా ఇంటి తలుపూ అంతేనండి,
వానకి చెక్క ఉబ్బి పడదు.
రాత్రిళ్ళు ఇటిక ఆనించి పడుకుంటాం."

ఇంత బాగా చెప్పడం నాకెవరూ నేర్పలేదు.

ఆ ఇటిక ఈ సీసాలో ఉంది, అన్నాను.
పెన్సిలిన్. ఇరవయ్యొక్క రోజులకోసారి, పిర్రకి.
నొప్పెడుతుంది, ఒక పూట కుంటుతుంది.
ఎన్నాళ్ళు?
పెద్దదయ్యేదాకా. ఆ పైన కూడానేమో.
ఒక్కసారి కూడా మానకూడదు.

వేళ్ళు మడిచింది,
గోళ్ళ చివర పగిలి ఎర్రబారిన వేళ్ళు.
"శనివారం శనివారం మాకు బట్వాడా.
అంటే మూడో బట్వాడాకి ఒకటి."

ఫారంలో దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది.
ఆ గడిలో అదే రాశాను.
సువార్త చీటీ మీద మాత్రం
మూడో బట్వాడా, అని రాసిచ్చాను.

సాయంత్రం టవలు ఉతికితే
జెల్ జిగట పోయింది, కారం ఘాటు పోలేదు.
రిజిస్టరు కూడాను.
చూసినవాళ్ళు రెండొందల నాలుగు.
రానివాళ్ళు పదకొండు మంది.
ఏరీ వీళ్ళు, అంటే
టీచరు కిటికీలోంచి
కోల్డ్ స్టోరేజీ షెడ్ల వైపు చూసింది.
సీజను కదండీ.

ఆదివారం మిషను ఇవ్వమన్నాను.
ఇవ్వరు. రూలు.
స్టెతస్కోపు సంచిలో వేసుకుని వెళ్ళాను,
దానికి వినపడనివి ఉంటాయని తెలిసే.
టిక్కీల గుట్టల నడుమ
వందమంది దగ్గు.
అందులో పిల్లల దగ్గు ఎటునుంచో
చెవులు రిక్కించి నిలబడ్డాను,
నాకూ దగ్గొస్తోంది.